శీతోష్ణస్థితి నమూనాల ట్యూనింగ్: సర్దుబాటు ఎంత, సాక్ష్యం ఎంత?

పరిచయం

వాతావరణం, సముద్రం, నేల, సముద్రపు మంచు: వీటికి వేర్వేరు బృందాలు తయారుచేసిన నమూనాలను కలిపి నడిపితే అది సంయుక్త శీతోష్ణస్థితి నమూనా అవుతుందని మీరు ఇంతకు ముందు చదివారు. ఇప్పుడు అలాంటి ఒక నమూనాపై వచ్చిన పరిశోధన వ్యాసాన్ని విమర్శ దృష్టితో పరిశీలిద్దాం. జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ వాతావరణ విజ్ఞాన సంస్థ నమూనా గురించి థోర్స్‌టెన్ మౌరిట్సెన్, ఎరిక్ రోక్నర్ 2020లో ప్రచురించిన వ్యాసం ఇది. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి. గత శతాబ్దంలో భూమి వేడెక్కిన తీరును ఒక నమూనా సరిగ్గా చూపితే, ఆ నమూనా సరైనదని చెప్పవచ్చా?

ట్యూనింగ్ ఎందుకు అవసరం?

నమూనా భూగోళాన్ని గళ్లుగా విభజిస్తుంది. ఒక్కో గడి వెడల్పు సాధారణంగా 100 కిలోమీటర్ల స్థాయిలో ఉంటుంది. మేఘాలు చాలావరకు అంతకంటే చిన్నవి. కాబట్టి వాటిని నేరుగా లెక్కకట్టలేక, పరామితుల ద్వారా సూచిస్తారు. పైకి లేచే మేఘంలోకి చుట్టుపక్కల పొడిగాలి ఎంత చేరుతుంది? మేఘంలోని నీరు ఎంత త్వరగా వానగా మారుతుంది? పరిశీలనలు వీటికి ఒక పరిధిని సూచిస్తాయే గాని ఒకే విలువను ఇవ్వవు. ఆ పరిధిలో తగిన విలువను ఎంచుకోవడమే ట్యూనింగ్. వీణ తంతిని శ్రుతి చేయడం లాంటిదే ఇది.

ఈ పని తప్పనిసరి ఎందుకో అంకెలే చెబుతాయి. భూమికి అందే సౌరశక్తి సగటున చదరపు మీటరుకు సుమారు 340 వాట్లు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపయితే కలిగే మార్పు సుమారు 4 వాట్లు మాత్రమే. మేఘాల లెక్కలో చిన్న తేడా వచ్చినా అది ఆ 4 వాట్లను మింగేయగలదు. రాకపోకల శక్తి సరితూగకపోతే నమూనాలోని సముద్రం కారణం లేకుండానే ఏటేటా వేడెక్కుతూనో చల్లబడుతూనో పోతుంది. 1990లలో చాలా నమూనాల్లో సముద్రానికీ గాలికీ మధ్య వేడినీ నీటినీ కృత్రిమంగా కలిపి ఈ లోపాన్ని కప్పేవారు. ఆ పద్ధతి తరువాత చాలావరకు పోయింది. ట్యూనింగ్ మిగిలింది.

వ్యాసం ఏం చెబుతోంది?

కార్బన్ డయాక్సైడ్ రెట్టింపయి, శీతోష్ణస్థితి మళ్లీ స్థిరపడేసరికి భూగోళ సగటు ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో దాన్ని ఆ నమూనా 'సున్నితత్వం' అంటారు. హాంబర్గ్ నమూనా పాత రూపంలో ఇది 3.5 డిగ్రీలు. ఆ రూపం గత శతాబ్దపు వేడిమిని వాస్తవం కంటే ఎక్కువగా చూపింది. కొత్త రూపం తయారీలో ఒక దశలో సున్నితత్వం 7 డిగ్రీల దరిదాపుకు చేరింది. అప్పుడు రచయితల బృందం మేఘాల పరామితులను సవరించి, దాన్ని 3 డిగ్రీల సమీపానికి తెచ్చింది. ఇది ఉద్దేశపూర్వకంగానే చేశామని వారు దాచకుండా చెప్పారు.

మెచ్చదగినది

ఈ నిజాయితీయే వ్యాసానికి ప్రాణం. ట్యూనింగ్ అందరూ చేసేదే అయినా, దాని గురించి రాసినవారు చాలాకాలం తక్కువే. మౌరిట్సెన్ సహరచయితలతో 2012లో రాసిన వ్యాసం, ఫ్రెడరిక్ ఊర్దాఁ తదితరులు 2017లో రాసిన సమీక్ష ఈ మౌనాన్ని ఛేదించాయి. 2020 వ్యాసం మరో అడుగు ముందుకు వేసింది. ఫలితం ముందే తెలిసినప్పుడు, ఆ ఫలితంతో కుదరడం నమూనాకు స్వతంత్ర పరీక్ష కాలేదని అది స్పష్టం చేసింది. జవాబు చూసి లెక్క చేసిన విద్యార్థికి ఆ జవాబు కుదిరినందుకు మార్కులు వేయం కదా.

అభ్యంతరాలు

మొదటిది, 3 డిగ్రీలనే లక్ష్యం. ప్రతి బృందమూ అదే అంకెకు గురిపెడితే నమూనాల మధ్య తేడా తగ్గిపోతుంది. అది విజ్ఞానం పెరగడం వల్ల తగ్గిందో, గురి ఒకటే కావడం వల్ల తగ్గిందో పాఠకుడికి తెలియదు. అదే తరంలో అమెరికా, బ్రిటన్ నమూనాలు కొన్ని 5 డిగ్రీలకు పైబడిన సున్నితత్వం చూపాయి. ఆ అంకెలు ఎక్కువని చాలామంది భావించినా, ఆ భిన్నత్వం వల్లనే మేఘాలపై కొత్త చర్చ పుట్టింది.

రెండవది, ఒకే సగటు అంకె ప్రాంతాల గురించి ఏమీ చెప్పదు. భూగోళ సగటు కుదిరిన నమూనాలో వాన తప్పు చోట కురవవచ్చు.

మూడవది, నమూనాలు పరస్పరం స్వతంత్రమైనవి కావు. పుణెలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ నమూనానే చూడండి. అమెరికా వారి రుతు అంచనా వ్యవస్థను ఆధారం చేసుకుని, ప్రిన్స్‌టన్‌లో పుట్టిన సముద్ర నమూనాను కలిపి దాన్ని నిర్మించారు. నెలల అంచనాకు రూపొందిన వ్యవస్థను శతాబ్దాల గణనకు మలచడంలో శక్తి సమతుల్యతను సరిచేయడమే పెద్ద పని అయింది. ఇలాంటి సహకారం లేకపోతే మన రుతుపవనాల అధ్యయనం ఇంత దూరం వచ్చేది కాదు. కాని ఒకే ఇంటి బంధువులు పదిమంది చెప్పిన సాక్ష్యాన్ని పది సాక్ష్యాలుగా లెక్కించలేం.

ముగింపు

అయితే భూతాపం కేవలం సర్దుబాటు ఫలితమా? ఈ ముగింపుకు రావద్దు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి వేడెక్కుతుందని అరీనియస్ 1896లోనే లెక్కగట్టాడు. అప్పటికి కంప్యూటర్లే లేవు. కింది గాలి వేడెక్కుతుంటే పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతుందని మనాబే, వెదరాల్డ్ 1967లో గణించారు. తరువాతి పరిశీలనలు దాన్ని ధ్రువపరిచాయి. ట్యూనింగ్ వల్ల బలహీనపడేది ఒకే ఒక్క వాదన: 'గతం కుదిరింది కాబట్టి నమూనా సరైనది' అనేది. అందుకే 2021 నాటి అంతర్ ప్రభుత్వ సంఘం నివేదిక సున్నితత్వాన్ని నేరుగా నమూనాల నుంచి తీసుకోకుండా, పురాతన శీతోష్ణస్థితి, పరిశీలనలు, భౌతిక ప్రక్రియల ఆధారంగా అంచనా వేసింది.

కాబట్టి ఏ నమూనా ఫలితాన్ని చదివినా ముందు ఇది అడగండి: ఇందులో ఏది లక్ష్యంగా పెట్టుకున్నది, ఏది దానంతట అది వచ్చింది?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ట్యూనింగ్‌కూ మోసానికీ మధ్య తేడా ఏమిటి? హాంబర్గ్ ఉదాహరణతో వివరించండి.
2. అనేక నమూనాలు ఒకే ఫలితం చూపినప్పుడు ఆ ఏకాభిప్రాయాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? కారణాలు రాయండి.