మతం ఎందుకు? కేస్లాపూర్ చెప్పే జవాబు

మతం దేనికని అడిగితే మోక్షం, పుణ్యం, పరలోకం అంటారు చాలామంది. ఆ కొలతతో చూసినవాళ్లు ఆదివాసులకు మతమే లేదన్నారు. 2011 జనగణన ప్రధాన పట్టికలో ఆరు మతాలకే విడి సంఖ్యలిచ్చి, మన దేవుళ్లను ‘ఇతర మతాల’ కింద చేర్చింది. కొలతబద్దలోనే తప్పుంది.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరను చూడండి. దాన్ని పాముపూజగా మాత్రమే రాసేవాళ్లు సగం కూడా చూడనట్టే. మెస్రం వంశస్థులు చెప్పుల్లేకుండా నడిచి వెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతో మహాపూజ చేస్తారు. తర్వాత భేటింగ్. వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికీ, పెద్దలకూ పరిచయం చేస్తారు. ఆ రాత్రి నుంచి ఆ పిల్ల మెస్రం ఇంటి మనిషి.

1940లో కొమురం భీం అమరుడయ్యాక, ఆ దశాబ్దంలోనే హైమన్‌డార్ఫ్ చొరవతో ఇక్కడ దర్బారు మొదలైంది. పూజ జరిగిన చోటనే భూమి గోడు, నీళ్ల గోడు అధికారులకు చెప్పుకుంటున్నాం.

మనిషిని మనుషులతో, నేలతో కలిపి కట్టే ముడే మన మతం.

ఈ కొలతబద్దను మనమీద కూడా పెట్టుకోవాలి. భేటింగ్ ఫోటోల కోసమే మిగిలితే, నిరుడు దర్బారులో ఇచ్చిన అర్జీ ఏమైందని ఎవరూ అడగకపోతే, ముడి వదులైనట్టే. ఉపాధ్యాయులారా, జాతర నుంచి వచ్చిన పిల్లల్ని ఒక్క మాట అడగండి: ఈ ఏడు ఎవరిని కలుపుకున్నాం, ఎవరిని బయటే వదిలేశాం?