స్లైస్‌కు మందు చేతుల్లోనే ఉంది

గోల్ఫ్‌లో టీ అనే చిన్న మేకు మీద బంతి పెట్టి దూరానికి కొట్టే మొదటి దెబ్బ డ్రైవ్. కుడిచేతివాటం ఆటగాడు కొట్టిన బంతి బాగానే బయల్దేరి, గాల్లో కుడివైపుకు వంకర తిరిగి, ఫెయిర్‌వేను, అంటే గడ్డి కత్తిరించిన దారిని, దాటి చెట్లలో పడితే అది స్లైస్. ఎడమచేతివాటం వాళ్లకు ఎడమకు తిరుగుతుంది. కొత్తగా ఆడేవాళ్లలో ఈ బాధ పడనివాళ్లు అరుదు. దీన్ని సరిదిద్దడం గురువు నుంచి శిష్యుడికి అందుతూ వచ్చిన గొప్ప విద్య.

బంతికి తగిలే క్షణంలో క్లబ్ కదిలే దారితో పోలిస్తే క్లబ్ ఫేస్, అంటే బంతిని తాకే దాని ముఖం, కుడికి తెరుచుకుని ఉండటమే స్లైస్‌కు మూలం. బంతి ఎటు బయల్దేరాలో చాలావరకు ఫేస్ తేలుస్తుంది. ఎంత వంగాలో ఫేస్‌కూ దారికీ ఉన్న తేడా తేలుస్తుంది. బయల్దేరే దిశ దారిని బట్టే ఉంటుందని పాత పుస్తకాలు రాశాయి కానీ, రాడార్ యంత్రాలు వచ్చాక ఆ మాట నిలవలేదు. డ్రైవ్‌కు వాడే డ్రైవర్ అనే క్లబ్ ఫేస్‌కు వాలు తక్కువ, కర్ర పొడవు ఎక్కువ. అందుకే వాలు ఎక్కువున్న పొట్టి క్లబ్ వెడ్జ్‌తో అంతగా కనబడని తప్పు డ్రైవర్‌తో బయటపడుతుంది. బంతి ఫేస్ మధ్యలో కాక కర్ర వైపు అంచున తగిలితే వంకర ఇంకా పెరుగుతుంది.

దిద్దుబాటు పట్టుతో మొదలవుతుంది. ఎడమ చేతిని క్లబ్ మీద కాస్త కుడికి తిప్పి పట్టుకోవాలి. తల వంచి చూస్తే ఆ చేతి కణుపులు రెండో మూడో కనబడాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పడే గీత కుడి భుజం వైపు చూపాలి. క్లబ్ అరచేతిలో కాక వేళ్లలో ఒదగాలి. బిగించి పట్టుకుంటే ముంజేతులు తిరగవు, ఫేస్ సమయానికి మూసుకోదు.

తర్వాత నిలబడే తీరు. బంతి ఎడమ మడమకు ఎదురుగా ఉండాలి. మరీ ముందుకు జరిగితే భుజాలు ఎడమకు తెరుచుకుంటాయి. స్లైస్‌కు భయపడి ఎడమకు గురిపెట్టేవాళ్లు కోకొల్లలు. అలా చేస్తే క్లబ్ బయటి నుంచి లోపలికి మరింత అడ్డంగా కోస్తుంది, వంకర పెరుగుతుంది.

చివరిది దారి. క్లబ్ కిందికి దిగేటప్పుడు కుడి భుజం ముందుకు తోసుకురాకూడదు. ముందు బరువు ఎడమ కాలి మీదికి మారాలి, కుడి మోచేయి పక్కటెముకల దగ్గరికి దిగాలి. బంతికి అవతల, కాస్త వెనకగా ఒక ఖాళీ అట్టపెట్టె పెట్టి కొడితే సంగతి వెంటనే తెలుస్తుంది: క్లబ్ బయటి నుంచి వస్తే పెట్టె ఎగిరిపోతుంది. పట్టు దిద్దకుండా దారి ఒక్కటే మారిస్తే బంతి నేరుగా కుడికే పోతుంది. అందుకే ఈ వరుస తప్పకూడదు.

ఈ విద్యలో మహానుభావుల పేర్లు తలచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది. చిటికెనవేలు చూపుడువేలి మీద పడే పట్టుకు తన పేరే నిలిచిపోయిన హ్యారీ వార్డన్ బ్రిటిష్ ఓపెన్‌ను 6 సార్లు గెలిచాడు. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. హుక్‌తో, అంటే ఎడమకు తిరిగే బంతితో, ఏళ్ల తరబడి పోరాడి పట్టునే మార్చుకున్న బెన్ హోగన్, 1949లో ఘోర కారు ప్రమాదం నుంచి బయటపడి 1950లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఆయన పట్టు హుక్‌కు విరుగుడు. స్లైస్ ఉన్నవాళ్లు దాన్ని అనుకరిస్తే చేటే. 18 మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీలు, గెలిచిన జాక్ నిక్లాస్ ఏటా సీజన్ మొదట్లో గురువు జాక్ గ్రౌట్ దగ్గరికి వెళ్లి ఓనమాల నుంచి దిద్దించుకునేవాడు. టెక్సస్ గురువు హార్వీ పెనిక్ తన శిష్యులు టామ్ కైట్, బెన్ క్రెన్‌షాలలో ఒకరి పాఠం మరొకరిని చూడనిచ్చేవాడు కాదంటారు. ఎవరి చేతికి తగ్గ మందు వాళ్లకే ఇవ్వాలన్నది ఆయన పట్టుదల.

అలాంటి విద్యను ఇవాళ అంగడి సరుకు చేశారు. 1970లలో పొలారా అనే బంతి వచ్చింది. దాని మీది గుంటలన్నీ ఒకే తీరున ఉండవు. గాల్లో తనంతట తానే తిన్నగా సాగుతుంది. బంతి అన్ని వైపులా ఒకేలా ప్రవర్తించాలని నియమం పెట్టి అమెరికా గోల్ఫ్ సంఘం దాన్ని పోటీల నుంచి వెలివేయడం నూటికి నూరుపాళ్లు న్యాయం. ఇప్పుడు కర్ర వైపు అంచున బరువు పెట్టిన డ్రైవర్లు వచ్చాయి. అవి నియమాలకు లోబడినవే, వంకరను కొంత తగ్గిస్తాయి కూడా. కానీ తప్పు చేతుల్లో అలాగే ఉండిపోతుంది, మరో క్లబ్ పట్టగానే బయటపడుతుంది. అందరికీ ఒకే చిట్కా పంచే వీడియోలు ఇంకా ప్రమాదం. హుక్ ఉన్నవాడికీ స్లైస్ ఉన్నవాడికీ ఒకే మందు పోస్తాయి.

వంపు దానంతట అది దోషం కాదు. నిక్లాస్, లీ ట్రెవినో కుడికి కొద్దిగా వంగే ఫేడ్‌తోనే మేజర్లు గెలిచారు. వాళ్ల వంపు వాళ్ల అదుపులో ఉండేది. ఆ అదుపు రావాలంటే పట్టు చూసి సరిచేసే గురువు ఎదురుగా ఉండాలి. కొత్త డ్రైవర్‌కు పోసే డబ్బులో కొంతైనా పాఠాలకు పెట్టాలి. ప్రతి గోల్ఫ్ క్లబ్బూ మంచి శిక్షకుణ్ని పోషించుకోవాలి. అది జరగకపోతే ఈ చేతి విద్య రెండు తరాలు కూడా నిలవదు.