అయిదు వాక్యముల లేఖ

1980లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో పోర్టర్, జిక్ అనువారి అయిదు వాక్యముల లేఖ వెలువడినది. ఆసుపత్రిలో నల్లమందు జాతి ఔషధములు పొందిన 11,882 మందిలో కొత్తగా వ్యసనము పాలైనవారు నలుగురే యని దాని సారాంశము. మోతాదెంత, ఎన్నాళ్లు వాడిరి? ఆ ప్రసక్తి లేదు. ఈ మందుల విషయమున ముఖ్యమైనది అదియే. మార్ఫిను నాడీకణములపైనున్న మ్యూ గ్రాహకముల నంటి నొప్పిని అణచును. వాడగా వాడగా వాటి స్పందన మందగించి, అదే ఉపశమనమునకు మోతాదు పెంచవలసివచ్చును. హఠాత్తుగా మానినచో శరీరము తల్లడిల్లును. నాలుగు దినముల రోగికిని, నెలల తరబడి ఇంట మ్రింగువానికిని పోలిక యెక్కడ?

అయినను, 2017లో పరిశీలింపగా, ఆ లేఖను ఉదహరించిన 608 రచనలలో 439 వ్యసనము అరుదనుటకు దానినే సాక్ష్యముగా చూపినవి. వారు ఆసుపత్రి రోగులన్న మాటయైనను 491 రచనలు చెప్పలేదు. అమెరికాలో ఇట్టి భరోసాల నడుమనే మందుచీట్లు పెరిగినవి. అయిదు వాక్యములు చదువుటకు ఎంత సేపు పట్టును?