దట్టించని తుపాకులు

మూడేళ్ల కిందట ఒక కథా కార్యశాలలో నేనిచ్చిన తీర్పు తప్పని యీ వ్యాసంలో ఒప్పుకోదలిచాను. ఆ తప్పు నా ఒక్కడిదే అయివుంటే, కథ రాసిన కుర్రవానికి ఉత్తరం రాసి ఊరుకునేవాణ్ణి. కాని దాని వెనక ఉన్న దృష్టి మన ప్రగతిశీల విమర్శకుల్లో చాలామందికి అలవాటైన దృష్టి. అందువల్ల దీన్ని బహిరంగంగానే చర్చించవలసి ఉంది.

ఆ కథలో జరిగేది చాలా తక్కువ. అడవి అంచున వేరుశెనగ చేను. మంచె మీద ఒక ముసలాయన, ఆయన పక్కన నాటు తుపాకి. నడిరేయి పందుల మంద చేలో పడుతుంది. ముసలాయన కొమ్ములోంచి మందు పోస్తాడు, పీచు దూరుస్తాడు, గజంతో దట్టిస్తాడు, టోపీ పెడతాడు. మీట లాగితే టోపీ టప్పుమంటుంది గాని మందు అంటుకోదు. మంచుకు చెమ్మగిల్లింది. అదంతా గీకి తీసి మళ్లీ దట్టించేసరికి సగం చేను పోయింది. తెల్లవారి ఆయన గట్టు మీద కూర్చుని, తుపాకిని ఎండకు పెట్టి, దానికేసి చూస్తూ ఏడుస్తాడు. ఇంతే.

నేనేమన్నాను? ఆయుధం చేతికొచ్చిన రైతును పందుల మీదికి పంపి, రచయిత అతని చైతన్యాన్ని చంపేశాడన్నాను. పేలని తుపాకి రచయిత పేలవమైన దృక్పథానికి గుర్తు అన్నాను. మాట బాగుందని సభలో నవ్వారు. ఆ కుర్రవాడు కూడా నవ్వి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అతని కథ ఎక్కడా నా కంటబడలేదు.

నా కళ్లు తెరిపించింది సాహిత్యంతో ఏ సంబంధమూ లేని మనిషి. మా చిన్నాయన కొడుకు అమెరికాలో కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు. గత సంక్రాంతికి సోమలకు వచ్చాడు. శని ఆదివారాలు అతనికి పాత తుపాకులే లోకం. గోడకు తగిలించుకున్న అసలు తుపాకి ఒకటి ఉంది, దాన్ని పేల్చడు. నూటయాభై యేళ్ల ఇనుము, గొట్టం పగిలితే ప్రాణానికి ముప్పు. పేల్చడానికి దాని నకలు ఒకటి కొన్నాడు. అది ఇటలీలో, వందల యేళ్లుగా తుపాకులు చేసే గార్డోనే పట్టణంలో తయారైంది. ఇటువంటి వాటిని పేల్చేవాళ్ల సంఘం ఒకటి, నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్, అక్కడ 1933 నుంచీ ఉంది. 1898 దాకా తయారైన తుపాకులనూ, మూతివైపు నుంచి మందు దట్టించే వాటి నకళ్లలో చాలా వాటినీ 1968 నాటి వాళ్ల కేంద్ర చట్టం తుపాకులుగా లెక్కించదు.

ఇదంతా వింటూ, డబ్బున్నవాళ్ల ఆటలని మనసులో అనుకుంటూనే ఉన్నాను. అంతలో తను తుపాకి పేల్చే దృశ్యం ఫోనులో చూపించాడు. పరీక్ష హాల్లో గడియారం చూసే అలవాటు కొద్దీ చూశాను. మందు కొలిచి పోయడం మొదలు పేలేదాకా నలభై సెకన్లు దాటింది. ఇంతసేపా అన్నాను. "నాకింత సేపన్నా. తర్ఫీదైన సిపాయి అయితే నిమిషానికి మూడుసార్లు కాలుస్తాడు. అదీ ఎండ కాస్తే. తుంపర పడితే దీనికన్నా కర్ర మేలు" అన్నాడు.

కార్యశాలలో నేను నవ్వించిన కథ అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ కుర్రవానికి తెలిసింది నాకు తెలియలేదు. అతను తుపాకిని చూసి రాశాడు. నేను తుపాకి అన్న మాటను చూసి విమర్శించాను.

మన చారిత్రక నవలల్లో, సినిమాల్లో పాళెగాళ్లు గుర్రం మీద నుంచి వరసగా తుపాకి పేలుస్తూ పోతారు. ఆ తుపాకిని ఎవరూ దట్టించరు. 1801లో ఆర్కాటు నవాబు చేతిలోంచి చిత్తూరు సీమ కుంఫిణీ చేతికి పోయింది. 1804, 1805లలో ఇక్కడి పాళెగాళ్లు తిరగబడితే సైన్యాన్ని దించి అణిచారు. మాకు దగ్గర్లోని పులిచెర్ల, కల్లూరు, మొగరాల ఆనాటి పాళేలే. ఆ కాలపు తుపాకుల్లో జామగి తుపాకికి, అంటే వత్తి తుపాకికి, వెలుగుతున్న వత్తి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. చీకట్లో ఆ నిప్పు కనపడుతుంది, దాని పొగ వాసన గాలివాటున పోతుంది. పొదలో పొంచి ఉన్నవాణ్ణి వాని ఆయుధమే పట్టిస్తుంది. చెకుముకి తుపాకికి వత్తి అక్కర్లేదు గాని, దాని పళ్లెంలోని మందు మీద నాలుగు చినుకులు పడితే చాలు. టోపీ తుపాకి పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. ఒకసారి పేల్చాక మళ్లీ దట్టించేదాకా ఆ మనిషి వట్టి చేతులవాడే. అంతసేపూ అతన్ని కాపాడేది పక్కవాడు. అంటే యీ తుపాకి ఒంటరి వీరుని ఆయుధం కాదు, జట్టు ఆయుధం. సామూహిక పోరాటాన్ని గురించి పేజీలకు పేజీలు రాసే మనం, దాన్ని ప్రత్యక్షంగా చూపించే యీ అరనిమిషాన్ని వదిలేశాం.

మన విమర్శలో వస్తువు, రూపం అన్న మాటలు లేకుండా పూట గడవదు. తుపాకి విషయంలో వస్తువు అన్న మాటకున్న రెండర్థాలూ ఒక్కచోట కలుస్తాయి. పాత తుపాకులు సేకరించేవాడు రూపాన్ని ప్రేమిస్తాడు. గొట్టం మీది నగిషీ, కర్ర మీది వెండి పని, అరుదుతనం, ధర చూస్తాడు. టిప్పు సుల్తాన్ కాలపు చెకుముకి తుపాకి ఒకటి 2015లో లండన్ వేలంలో 7 లక్షల పౌండ్లకు పైగా పలికింది. టిప్పు తండ్రి హైదరాలీ 1782లో చనిపోయింది మా చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలోనే. ఆ తండ్రీకొడుకుల యుద్ధాలకు గ్రాసం, గింజలు ఇచ్చుకున్న పల్లెలు మావి. శ్రీరంగపట్నంలో రాజుకోసం చేసిన తుపాకుల మీద పనివాని పేరు చెక్కడం కద్దు. ఆ పేరుకు యీనాడు విలువ పెరిగింది. మా ఊళ్ల నాటు తుపాకుల గొట్టాలు సాగదీసిన కమ్మరి పేరు ఏ గొట్టం మీదా లేదు, ఏ వేలంలోనూ రాదు.

సేకర్తను విమర్శించడం సులభం. మనం చేసిందేమిటి? తుపాకిని ప్రతీక చేశాం. కవితలో తుపాకి పూస్తుంది, పాడుతుంది, మాట్లాడుతుంది. మందు, పీచు, గజం, చెమ్మ, భయం, చేయి వణకడం ఏవీ ఉండవు. సేకర్త తుపాకిని అద్దాల బీరువాలో పెడితే మనం ఉపమానంలో పెట్టాం. రెండుచోట్లా దాన్ని పట్టుకున్న మనిషి శ్రమ కనపడకుండా పోయింది. తేడా ఏమంటే, నకలు తుపాకి కాల్చే మా తమ్మునికి ఆ శ్రమ చేతులకు తెలుసు. మనకు అదీ తెలియదు.

వేట సాహిత్యాన్ని యీ దృష్టితో చదివితే మరొక సంగతి బయటపడుతుంది. బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ (1910-1974) తన తొలి పుస్తకం 'నైన్ మ్యాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్' (1954)లో మా జిల్లా చామల లోయలో పులిని వేటాడిన కథ చెప్పాడు. అతని తుపాకి పాయింట్ 405 వించెస్టర్, 1895 మోడల్. అమెరికా మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు తీసుకుపోయింది ఆ రకమే. సేకర్తలకు అదంటే ఎంత మోజంటే, తయారీ ఆగిన దశాబ్దాల తర్వాత అదే పేరుతో జపానులో మళ్లీ చేయించి అమ్మారు. అదే పుస్తకంలో బైరా అనే అడవి మనిషి మీద ఒక అధ్యాయం ఉంది. బైరాకూ తుపాకి ఉంది, మూతి నుంచి దట్టించే పాతది. దొర తుపాకికి కంపెనీ పేరు, సంఖ్య, సంవత్సరం ఉన్నాయి. బైరా తుపాకికి పేరు లేదు. దొర చేసేది వేట, బైరా చేసేది దొంగవేట. అడవి ఒకటే, జంతువులు అవే. ఆండర్సన్ బైరాను చిన్నచూపు చూడలేదు, స్నేహితునిగానే రాశాడు. నేను చెప్పేది అతని మంచితనాన్ని గురించి కాదు. 1878 ఆయుధాల చట్టం యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చి, భారతీయులకు లైసెన్సు పెట్టింది. ఆ విభజన రచయిత సహృదయతను కూడా దాటి అతని భాషలోకి వచ్చి కూర్చుంది.

మన వీరుల బొమ్మల్లోనూ ఇటువంటి చిత్రమే ఉంది. అల్లూరి సీతారామరాజు అనగానే విల్లంబులు మన కళ్ల ముందుకొస్తాయి. ఆయన పోరాటం మొదలైంది తుపాకుల కోసం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకున్నారు. తీసుకున్నదేమిటో స్టేషను పుస్తకంలో రాసి సంతకం చేశాడని చెబుతారు. ఆ లెక్కలో ఉన్న రాజకీయం విల్లులో లేదు. ఎన్ని తుపాకులు, ఎన్ని తూటాలు, ఎంతమంది మనుషులు అని ఆలోచించిన నాయకుణ్ణి మనం పురాణ పురుషుణ్ణి చేసి విల్లు చేతికిచ్చాం. తెలంగాణ సాయుధ పోరాటం (1946-1951) జ్ఞాపకాల్లో వడిసెలలు, గుతపలు, భర్మార్ తుపాకులు కనిపిస్తాయి. ఆ భర్మార్ మా తాత నాటు తుపాకికి అన్న వరస.

మా తాతకు పంట రక్షణ లైసెన్సుతో ఒక నాటు తుపాకి ఉండేది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షనులో, పంట కాపాడుకునేందుకు మూతి నుంచి దట్టించే తుపాకి అన్న మాట ఇప్పటికీ ఉంది. అదే చట్టం 45వ సెక్షను ప్రకారం, బాగుచేసినా పేలని పాతకాలపు ఆయుధానికి లైసెన్సు అక్కర్లేదు. అంటే పనిచేసినంత కాలం రైతు తుపాకి పోలీసు లెక్కలో ఉంటుంది, పనికిరాకుండా పోయిన రోజు పురావస్తువు అవుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అనుమతి లేకుండా పందిని కొట్టడం నేరం. కాబట్టి నాకు తెలిసిన కాలంలో తాత గుళ్లు లేకుండా వట్టి మందు దట్టించి శబ్దం చేసేవాడు. ఎన్నికలొస్తే తుపాకిని స్టేషనులో అప్పజెప్పి రశీదు తెచ్చుకునేవాడు. ఆయన పోయాక తుపాకి కూడా చట్టప్రకారం సర్కారుకు చేరింది. ఇంట్లో మిగిలింది మందు కొమ్ము ఒక్కటే. సంక్రాంతికి వచ్చిన మా తమ్ముడు దాన్ని చూసి, ఎంతైనా ఇస్తానన్నాడు. మా అమ్మ దాంతో దూడలకు మందు పోస్తుంది. "అది పనిలో ఉండాది నాయనా, దాన్ని తీసుకోని పోయి గోడకు కొట్టుకుంటావా?" అంది. సేకరణ మీద ఇంతకంటే సూటి విమర్శ నేను చదవలేదు.

నకళ్లన్నీ బోలువని మాత్రం అనలేను. తెలుగు దేశంలో అన్నిటికంటే గొప్ప నకలు తుపాకి పిట్టలదొర చేతిలోని కర్ర తుపాకి. ఖాకీ దుస్తులు, నెత్తిన దొర టోపీ, భుజాన కర్ర ముక్క. లేని ఆస్తులు, కొట్టని పులులు, ఎక్కని విమానాలు చెప్పుకుంటూ అతను వీధిన పోతుంటే జనం పగలబడి నవ్వుతారు. తుపాకి రాముడన్న పేరు కోతలరాయునికి మారుపేరయింది. ఆ కర్ర ఎన్నటికీ పేలదు, పేలదని చూసేవాళ్లకు తెలుసు. అందుకే అది దొరతనపు డాబును బయటపెడుతుంది. అది ప్రతీకే. ఆ ప్రతీకకు బలం, జనం నిజమైన దొరను, నిజమైన తుపాకిని చూసినందువల్ల వచ్చింది. ప్రతీక వద్దని నా వాదన కాదు. వస్తువును ఎరిగిన ప్రతీకకూ, ఎరగని ప్రతీకకూ ఉన్న తేడాను గుర్తించమంటున్నాను. పిట్టలదొర తుపాకి మొదటి రకం. మన కవితల్లో చాలా తుపాకులు రెండో రకం. వాటిని చూసి శత్రువు భయపడడు, మిత్రుడు నవ్వడు.

ఆ కుర్రవాని ఆచూకీ యీ మధ్య దొరికింది. మదనపల్లెలో ఒక టమాటా మండీలో లెక్కలు రాస్తున్నాడు. పోయి కలిశాను. నా తీర్పు తప్పని చెప్పి, కథను యీ పత్రికకు పంపమన్నాను. "ప్రతి లేదు సార్. ఆ పొద్దే యాడో పారేసినా" అన్నాడు. మళ్లీ రాయమన్నాను. కొంచెంసేపు ఊరుకుని, "పీచు ఎంత దూర్చాల, ఎన్నిమార్లు దట్టించాల అని అప్పుడు మా తాతను అడిగి రాసినా సార్. ఇప్పుడు ఆయన లేడు" అన్నాడు.

విమర్శకుడు తొందరపడి అన్న మాట వల్ల ఏం పోతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. ఒక్క కథే కాదు, ఆ కథలో మాత్రమే మిగిలి ఉన్న జ్ఞానం పోయింది. రచయిత మిత్రులకు, విద్యార్థులకు ఒక మనవి. మీ ఇళ్లలో, మీ పల్లెల్లో మంచె మీద తుపాకి పట్టుకుని కూర్చున్న ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. తుపాకి మీద కవిత రాయకముందు వాళ్ల దగ్గరికి పోయి, ఎట్లా దట్టించేవాళ్లో అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మా అమ్మ దగ్గరున్న కొమ్ము కొలతలు తీసుకుని, దానిలో ఎంత మందు పట్టేదో ఆమెనడిగి, ఆ కాగితాన్ని నేనా కుర్రవానికి పంపాను. అతను మళ్లీ రాస్తాడో లేదో తెలియదు. రాస్తే మాత్రం, ఆ తుపాకి ఎందుకు పేలలేదని యీసారి అడగను.