వెలిగినది రంగా, రోగమా?

కేన్సరు శస్త్రచికిత్సలో కోయుటకంటె, ఎచ్చట ఆపవలెనో తెలిసికొనుట కష్టము. గడ్డ అంచు చాలసార్లు కంటికి స్పష్టముగా కానరాదు. తక్కువ కోసిన రోగము మిగులును. ఎక్కువ కోసిన పనికివచ్చు అవయవము పోవును. ఇందుకు ప్రతిదీప్తి తోడ్పడునేమో అను ఆలోచన కొత్తది కాదు. 1948లోనే అమెరికాలో జార్జి మూర్ ఫ్లోరెసీన్ అను రంగుతో మెదడులోని గడ్డలను గుర్తించు పద్ధతిని ప్రకటించెను. ఈనాడు దీనికి నానోకణములు చేరినవి. విషయము గొప్పదే, దీనిని గూర్చి మన పత్రికలలో వచ్చు వ్రాతలు మాత్రము అంత గొప్పగా లేవు.

నానోకణము కేన్సరును వెదకి పట్టుకొనుననియు, అప్పుడు కేన్సరు మెరయుననియు ఆ వ్రాతల ధోరణి. రెండు మాటలలోను దోషమున్నది. ముందు రెండవదానిని చూతము.

కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో పసుపునకు కొదవ లేదు. చిటికెడు పసుపును స్పిరిటులో కలిపి తేర్చి, చీకటిగదిలో దొంగనోట్లను పట్టు అతినీలలోహిత దీపము క్రింద పెట్టుడు. (దీపమువంక సూటిగా చూడరాదు, దగ్గర నిప్పు ఉండరాదు.) ఆకుపచ్చ ఛాయగల పసుపు వెలుగు కనబడును. కుర్కుమిన్ అణువు కానరాని కిరణమును పీల్చి, కొంత శక్తిని పోగొట్టుకొని, మిగిలినదానిని ఇంకను పొడవైన తరంగముగా విడుచుచున్నది. ఆ ద్రవమును సిరిసిల్ల మగ్గముమీదినుండి దిగిన కోరాగుడ్డపై చుక్కలుగా వేయుడు. చుక్కలు మాత్రమే వెలుగును. సబ్బుపొడితో ఉతికిన తెల్లగుడ్డపై వేసినచో గుడ్డయంతయు నీలముగా మెరసి చుక్కలను తికమక పెట్టును. సబ్బుపొడిలోని తెలుపునిచ్చు రసాయనమే దానికి కారణము.

శరీరమునందును ఇంతే. దాని కణజాలమునకు స్వంత మెరుపు కొంత కలదు. దానికి మించి వెలుగునది మనము ఎక్కించిన రంగు. ఆ రంగు కేన్సరు చెంత నిలుచుటకు ఒక కారణము ఉండవలెను.

ఆ కారణములలో ఒకదానికి మూలము తెలుగువారి చరిత్రలో ఉన్నది. భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. ఆ అణువును మార్చి చేసిన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తకేన్సరు కొంతకాలము అణగినట్లు 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించెను. అదే ఫోలిక్ ఆమ్లపు పోలిక ఇప్పుడు శస్త్రచికిత్సకు వచ్చినది. 2021 నవంబరులో అండాశయ కేన్సరు చికిత్సకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతించిన పాఫోలాసియానిన్‌లో ఒక కొన ఫోలేటు వంటిది, రెండవ కొన సమీప పరారుణ కాంతిని విడుచు రంగు. అండాశయ కేన్సరు కణములపై ఫోలేటు గ్రాహకములు సాధారణముగా మిక్కుటముగా ఉండును గనుక రంగు అచ్చట నిలుచును. పరీక్షింపబడిన 134 మంది స్త్రీలలో 26.9 శాతమునకు, చూపునకు, స్పర్శకు దొరకని కేన్సరు భాగము కనీసము ఒక్కటి ఈ వెలుగున బయటపడినది. చిన్న ఫలితము కాదు!

అయితే ఫోలేటు గ్రాహకములు మూత్రపిండములలోను కలవు. వాపుపట్టిన చోట చేరు కొన్ని కణములపైనను కలవు. అచ్చటను రంగు నిలువగలదు. ఈ మందు ఇచ్చుటకు ముందు 48 గంటలు ఫోలిక్ ఆమ్లపు మాత్రలు మానుమందురు. రెండును ఒకే గ్రాహకమునకు పోటీపడును గదా! కేన్సరును “వెదకు” తెలివి ఉన్న వస్తువైనచో మామూలు విటమిను మాత్రకు వెరచునా?

ఇక నానోకణముల మాట. పై మందు నానోకణము కాదు, ఒక అణువు మాత్రమే. అన్నిటికిని నానో అను పేరు తగిలించుట మన వ్రాతల అలవాటు. గడ్డలోని రక్తనాళములు కారుడుగా ఉండుటచే పెద్ద అణువులు అచ్చట చేరి నిలుచునని 1986లో జపానుకు చెందిన మత్సుమురా, మయెడా చూపిరి. నానోకణములపై ఆశలు చాలవరకు దీనిమీదనే పెరిగినవి. కాని అనేక జంతు ప్రయోగములను కూర్చి 2016లో లెక్కించినపుడు, ఎక్కించిన మోతాదులో గడ్డను చేరినది మధ్యస్థముగా 0.7 శాతమని తేలినది. వందకు ఒకటి కూడ కాదు. తక్కినదానిలో చాల భాగమును కాలేయము, ప్లీహము పట్టుకొనును. కార్నెల్ విశ్వవిద్యాలయమువారు చేసిన సిలికా చుక్కలు మూత్రముగుండ వెడలిపోవునట్లు సుమారు 6, 7 నానోమీటర్లకు కుదింపబడినవి. వీటిని మనుష్యులపై పరీక్షించుటకు 2011లో అనుమతి లభించినది. నా దృష్టిలో ఈ రంగమున మెచ్చదగినది ఇట్టి ఓపికగల పని.

లోతు సంగతి వేరు. చీకటిలో టార్చిని అరచేతికి ఆనించిన ఎరుపు మాత్రమే బయటికి వచ్చును. తక్కిన రంగులను రక్తము చాలవరకు మ్రింగివేయును. అందుచేతనే 700 నుండి 900 నానోమీటర్ల కాంతిని ఎన్నుకొందురు. అదియు కొన్ని మిల్లీమీటర్లు, మహా అయిన ఒక సెంటీమీటరు లోతువరకే ఉపయోగపడును.

జగిత్యాలనుండి రోగిని హైదరాబాదునకు తీసికొనిపోవు కుటుంబము, “వెలిగించి కోసిన ఇక భయము లేదట గదా?” అని ఊరి పంతులును అడుగవచ్చును. వెలిగిన చోట కోసిన ముక్కనైనను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచిన పిమ్మటనే వైద్యులు అది కేన్సరు అని నిర్ణయింతురు. ఆ పరీక్షను గూర్చి ఒక్క వాక్యమైనను లేని వ్యాసమును తరగతిలో చదివించు ఉపాధ్యాయుడు, ఆ వాక్యమును తానే చేర్చి చదివించుట మంచిది.