గేటు దగ్గరి నేర్పు

ఒడిశాలోని బరంపురం గేట్ బజార్‌లో పిల్లల వేసవి శిబిరం ఎవరు పెట్టినా, మొదటిరోజు మెచ్చుకోవలసింది గేటు దగ్గర నిలబడ్డ మనిషిని. ఎండ ముదరకముందే ఆటోలు, స్కూటర్లు ఒక్కసారే దిగుతాయి. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు కదా, ఒక తల్లి తెలుగులో అడిగితే పక్కావిడ ఒడియాలో అడుగుతుంది. పనితెలిసినవాడు వయసులవారీగా వేళలు ముందే చెబుతాడు. బళ్లు వచ్చే దారి, పోయే దారి వేరుచేస్తాడు. మందుల పొట్లం మీద పేరు రాయిస్తాడు, మధ్యాహ్నం పిల్లను ఎవరికి అప్పగించాలో రాయించి సంతకం తీసుకుంటాడు.

అసలు విద్య ఏడ్చే పిల్లాడి దగ్గర. “మీరు వెళ్లిరండమ్మా, మేం చూసుకుంటాం” అంటూ తల్లిని నొప్పించకుండా కదిలించాలి. ఆవిడ ఆగినకొద్దీ ఏడుపు పెరుగుతుంది మరి! ముగింపురోజున బొమ్మలు నేర్పిన మాస్టారికి శాలువా కప్పుతారు. గేటు మనిషికీ ఒకటి కప్పండి.