ఆపడం కుదరని చోట

మా మాడుగుల, చోడవరం వైపు కంట్రోల్ రూమ్ అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది గోవాడ చక్కెర ఫ్యాక్టరీ. చెరకు పిప్పితో మండే బాయిలర్‌లో నీటి మట్టం మరీ పడిపోతే కంట్రోల్ వ్యవస్థ ఎవరినీ అడగదు, మంట ఆర్పేస్తుంది. దాన్నే ట్రిప్ అంటాం. క్రషింగ్ ఆగినా, చెరకు బళ్లు బారులు తీరినా బాయిలర్ పేలడం కన్నా అదే నయం. ఒడ్డు మీద ఏ ఫ్యాక్టరీలోనైనా అనుమానమొస్తే ఆపేయడమే క్షేమం.

యుద్ధనౌకల కంట్రోల్ వ్యవస్థల పనిలోకి వచ్చాక నేను మొదట మార్చుకోవలసి వచ్చింది ఈ అలవాటునే. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు చానల్‌లోంచి ఓడ లోపలికి వస్తోంది. సరిగ్గా అప్పుడే లూబ్ ఆయిల్ ప్రెషర్ తగ్గిందని ఇంజన్ తనంతట తాను ఆగిపోతే? యుద్ధంలోనైతే ఆగిన ఓడ శత్రువుకి గురి. అందుకే బ్యాటిల్ ఓవర్‌రైడ్ అనే ఏర్పాటు ఉంటుంది. ఆ స్విచ్ వేస్తే చాలా ట్రిప్‌లు పక్కకు తప్పుకుంటాయి. అలారం మోగుతూనే ఉంటుంది, ఇంజనూ తిరుగుతూనే ఉంటుంది. ఇంజన్ పాడైనా పర్వాలేదు, ఓడ దక్కాలి. ఏ ట్రిప్‌ను పక్కన పెట్టవచ్చు, దేన్ని ఎప్పటికీ ముట్టుకోకూడదు అని పట్టిక రాయడం కన్నా బరువైన పని ఈ వృత్తిలో లేదంటాను. టర్బైన్ వేగం హద్దు దాటితే రెక్కలు తెగి ఎగురుతాయి. ఆ ట్రిప్ జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వను.

అసలు సెన్సర్ చెప్పేది నిజమేనా అన్నది ఇంకో చిక్కు. ట్యాంకు మట్టాన్ని చాలాచోట్ల 4 నుంచి 20 మిల్లీయాంపుల కరెంటుగా పంపుతారు. ట్యాంకు ఖాళీ అయితే 4, నిండితే 20. ఖాళీకి సున్నా ఎందుకు పెట్టలేదంటే, వైరు తెగినప్పుడు వచ్చేది సున్నాయే కాబట్టి. ఖాళీ ట్యాంకూ తెగిన వైరూ తెరమీద ఒకేలా కనబడకూడదు. ఈ చిన్న ఏర్పాటు వెనకున్న తెలివి చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

కొత్తగా చేరిన పిల్లల్ని ముందు ఆర్కే బీచ్‌లో కురుసుర చూసి రమ్మంటాను. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా సేవ చేసిన జలాంతర్గామి అది. లోపల ఎటు చూసినా గొట్టాలు, చేత్తో తిప్పే వాల్వు చక్రాలు. వాల్వు బిగుసుకుంటే తిప్పేవాడి మణికట్టుకే తెలిసేది. ఇప్పుడు తెర ముందు కూర్చున్నవాడికి ఆ సంగతి మేమే చెప్పాలి.

హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన నిస్తార్ 2025 జులై 18న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. అందులో నేను పనిచేయలేదు, కానీ దాని పని ఏమిటో లోకమంతటికీ తెలుసు. 300 మీటర్ల లోతు దాకా డైవర్లను దింపే ఓడ అది. కింద మనుషులుండగా గాలికీ అలలకీ పక్కకు జరగకుండా థ్రస్టర్లను ఎప్పటికప్పుడు సర్దేది కంట్రోల్ వ్యవస్థే. అక్కడ ఆపేయడమంటే వాళ్లను వదిలేయడమే. ఒక కంప్యూటర్ చచ్చిపోతే రెండోది అందుకోవాలి, ఆ మార్పు పైనున్నవాళ్లకు తెలియాలి.

అందుకే ట్రయల్స్‌లో అన్నీ సవ్యంగా నడిచాయంటే నాకు తృప్తి ఉండదు. వైర్లు ఊడదీయిస్తాను, కరెంటు తీయిస్తాను. ట్రిప్‌ల పట్టిక రాసేటప్పుడు ఇంజన్ రూమ్‌లో ఏళ్లు గడిపిన ఆర్టిఫిసర్‌ని, అంటే నౌకాదళ సాంకేతిక నావికుణ్ణి, పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది ఆగితే మీరేం చేస్తారండీ?" అని ఒక్కో వరుసా అడుగుతాను. ఆయన జవాబు వెంటనే రాకపోతే ఆ వరుస మళ్లీ రాస్తాం.